కిటికీ కింద బల్ల

ఆదివారం, పద్నాలుగో తేదీ. పొద్దున మబ్బు పట్టింది, తర్వాత ఎండ కాసింది. వర్క్‌షాపు తాళం తీసి, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్ళు వదిలేసి, మళ్ళీ తాళం వేసి ఇక్కడికి వచ్చాను.

(నవ్వులు)

క్షమించాలి. రోజూ లెక్కల పుస్తకం తెరవగానే మొదట తేదీ, తర్వాత వాతావరణం, ఆ తర్వాత చేసిన పని రాయడం నాకు అలవాటు. నిలబడి మాట్లాడే అలవాటు మాత్రం లేదు. చేతికి అలవాటైన చోట మొదలుపెడితే నోరు కూడా దాని వెనకాలే వస్తుందేమోనని అలా రాసుకొచ్చాను. మూడో వరసలో మా ఆవిడ రెండు చేతులూ జోడించి నాకేసి చూపిస్తోంది. నాకు దణ్ణం పెడుతోందనుకునేరు. ముందు అందరికీ నమస్కారాలు చెప్పమని దాని అర్థం.

సభకు అధ్యక్షత వహిస్తున్న విశ్రాంత ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు గారికి, వేదిక మీద ఉన్న మా అన్నయ్యకి, పెద్దలకి, బంధువులకి, బళ్ళు నడిపేవాళ్ళకి, బళ్ళు బాగుచేసేవాళ్ళకి, తమ బండి ఇంకా ఎందుకు తయారవలేదని అడగడానికే వచ్చి ఇక్కడ కుర్చీలు చూసి మర్యాదకి కూర్చుండిపోయినవాళ్ళకి, ఈ రోజు ఎవరి కోసం ఇంతమందిమి చేరామో ఆ మా వదినకి నమస్కారాలు.

నన్ను మాట్లాడమన్నది అన్నయ్య. "మన ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేది నువ్వే. నువ్వయితే సభ తొందరగా అయిపోతుంది" అన్నాడు. ఆ నమ్మకంతోనే భోజనాలవాళ్ళని త్వరగా రమ్మన్నాడు. వాళ్ళు వచ్చేసి గుమ్మంలో గరిటెలతో నిలబడి ఉన్నారు. కాస్త కూర్చోండి బాబూ. నేను చాలా కాగితాలు రాసుకొచ్చాను.

(నవ్వులు)

వదిన పని ఏమిటో తెలియనివాళ్ళు ఒకరిద్దరు ఉండొచ్చు కాబట్టి చెబుతాను. మాది మోటారు సైకిళ్ళని కొత్త రూపానికి తెచ్చే షాపు. ఎవరో ఒకరు పాత బండి తెస్తారు. దాన్ని విప్పి, కోసి, అతికి, వాళ్ళు కలలో చూసిన బండిలా చేసి ఇస్తాం. ఆ కల ఏమిటో కస్టమరుకి అర్థమయ్యేలా చెప్పేది అన్నయ్య. బిగించేది నేను, లెక్కలు రాసేదీ నేనే. లోహం మీద చివరి పని వదినది. ఇంజన్ మూతలు, సైలెన్సరు గొట్టాలు, హ్యాండిలు, చక్రాల రిమ్ములు, కంటికి కనపడే ప్రతి ముక్కా కిటికీ కింద ఉన్న ఆవిడ బల్ల మీదికి వెళ్ళి రావలసిందే. ముందు ఆకురాయి, తర్వాత గరుకు కాగితం, తర్వాత సన్న కాగితం, ఆ తర్వాత ఇంకా సన్న కాగితం, చివరికి మోటారు మీద గిర్రున తిరిగే గుడ్డ చక్రం. ఆ చక్రానికి సబ్బులాంటి పాలిష్ కడ్డీ రాసి, ముక్కని రెండు చేతులా ఆనించి పట్టుకుంటే, సాయంత్రానికి ముక్క తెల్లగానూ వదిన నల్లగానూ బయటికి వచ్చేవారు.

పెళ్ళికి ముందు వదిన కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానపట్టేది. అక్కడి అలవాటే మా షాపుకీ తెచ్చింది. ముక్క నున్నగా ఉందా లేదా అని అందరిలా వేలితో రాసి చూడదు. కిటికీకి ఎదురుగా పట్టుకుని, ఆ ముక్కలో కనపడే కిటికీని చూస్తుంది. ఊచలు తిన్నగా కనపడితే ముక్క తిన్నగా వచ్చినట్టు. ఊచలు వంగితే ఎక్కడో చెయ్యి ఎక్కువసేపు ఆనినట్టు. వచ్చిన కొత్తలో వదిన ఒక మూత పట్టుకుని, "ఏవండీ, కిటికీ వంకర పోయింది" అని కేకేస్తే, మా అన్నయ్య సుత్తి తీసుకుని గోడ దగ్గరికి పరిగెత్తాడు.

(నవ్వులు)

అన్నయ్యా, నిజమే కదా? నిజమేనంటున్నాడు.

ఆ వదిన కుడి భుజం ఇప్పుడు పైకి లేవడం లేదు. డాక్టరు ఎక్సరే తీయించి చూసి, ఇంక ఈ చెయ్యి చక్రం ముందు పెట్టొద్దన్నాడు. వదిన వాదించలేదు. వాదించకపోయేసరికి మాకు భయం వేసింది. పోయిన వారం అన్నయ్య అందరినీ పిలిచి, వచ్చే నెల నుంచి ముక్కలన్నీ క్రోమ్ పూత వేసే కంపెనీకి పంపేద్దామని, బల్లా చక్రమూ తీసేసి కిటికీ కింద కస్టమర్లకి సోఫా వేద్దామని చెప్పాడు. నీలం రంగు సోఫా. ఫోన్లో బొమ్మ కూడా చూపించాడు. వదిన ఆ బొమ్మ చూసి "మీ ఇష్టం" అంది. పెళ్ళయినప్పటి నుంచి వదిన అన్నయ్యతో ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. అన్నయ్య కూడా వినలేదు. అందుకే పాపం, నిజంగానే తన ఇష్టమనుకున్నాడు.

(నవ్వులు)

ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను. ఆ బల్ల తీసెయ్యడం నాకు ఇష్టం లేదు. ఈ మాట ఆ రోజు షాపులోనే చెప్పవలసింది. షాపులో నాకు నోరు రాదు. ఇక్కడ మైకు చేతికిచ్చారు. వెనక్కి లాక్కునేదాకా చెప్పొచ్చు. ఎందుకు ఇష్టం లేదో, ఆ బల్లని ఏం చెయ్యాలనుకుంటున్నానో కాస్త తర్వాత చెబుతాను. ముందు వదిన గురించి నాలుగు మంచిమాటలు చెప్పడం సభా మర్యాద. అన్నయ్యా, అలా చూడకు. నీళ్ళు తాగు.

మొదటి మంచిమాట అధ్యక్షుల వారి బండి గురించి. చెప్పమంటారా సార్? చెప్పెయ్యమంటున్నారు. ఇప్పుడు పదవీ విరమణ చేశారు కాబట్టి ధైర్యంగా తల ఊపుతున్నారు.

అప్పటికి వదిన షాపులోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అధ్యక్షుల వారు కొత్తగా ఉద్యోగంలో చేరిన ట్రాఫిక్ అధికారి. ఉద్యోగం కొత్త, బూట్లు కొత్త, మీసం కూడా కొత్త. బండి ఒక్కటే పాతది. దూరం నుంచి ఆ బండిని చూడగానే తప్పు చేసినవాడు వాడంతట వాడే ఆగిపోవాలి, అలా మెరిపించి ఇవ్వమన్నారు. అన్నయ్య ఇంజన్ తెచ్చి వదిన బల్ల మీద పెట్టి, "పోలీసాయన బండి. ఒక్క గీత కనపడకూడదు" అన్నాడు. అంతవరకే అన్నాడు. పని గురించి అన్నయ్య ఎప్పుడూ సగమే చెబుతాడు. మిగతా సగం అవతలివాళ్ళకి తెలిసే ఉంటుందని ఆయన నమ్మకం.

వదిన ఇంజనంతా తిప్పి తిప్పి చూసింది. ఒక పక్కన, కింది భాగంలో, ఎవరో మేకుతో పొడిచినట్టు ఏవో అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. చివర ఉన్న ఏడు తాగి పక్కకి వాలినట్టు ఉందట, ఇది ఆవిడ మాటే. ఇంజన్ నంబరు అనేది ఒకటి ఉంటుందని, దానికీ చట్టానికీ ఏదో సంబంధం ఉంటుందని కళ్ళద్దాల దుకాణంలో ఎవరు చెబుతారు? పనిలేనివాడెవడో చెక్కి పాడుచేశాడనుకుని, పళ్ళు బిగించి ఆకురాయి అందుకుంది. ఆకురాయి తర్వాత కాగితాలు, కాగితాల తర్వాత చక్రం. భోజనానికి కూడా లేవలేదు. "ఎవడోగాని లోతుగా పొడిచాడు" అని వాణ్ణి తిడుతూనే పనిచేసింది.

పని అయ్యాక అన్నయ్య వచ్చి చూశాడు. చూసి మెచ్చుకున్నాడు. ఇంకోసారి వంగి చూశాడు. అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. నంబరు ఉండవలసిన చోట అన్నయ్య మొహం ఉంది. వెనకాల కిటికీ కూడా ఉంది, ఊచలతో సహా, వెంట్రుకంత వంకర కూడా లేకుండా.

(నవ్వులు)

ఇంజన్ నంబరు గీకేసిన బండి అంటే దొంగబండి కిందే లెక్క. అయితే దొంగలు కూడా గబగబా నాలుగు గీకులు గీకి పారిపోతారు. ఇంత శ్రద్ధగా, కూర్చుని, సన్న కాగితం దాకా వెళ్ళిన దొంగ అప్పటిదాకా పుట్టలేదు.

అన్నయ్య ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బండి అప్పగించే రోజున ఆ పక్కన తనే అడ్డంగా నిలబడ్డాడు. సారు బండి చుట్టూ తిరుగుతుంటే అన్నయ్య కూడా ఆయనతో పాటే తిరిగాడు. చూసేవాళ్ళకి ఇద్దరూ ఏదో ఆట ఆడుతున్నట్టుంది. చివరికి సారు ఒక్క క్షణంలో వంగి, సరిగ్గా ఆ చోటే చూసి, అందులో మీసం సర్దుకుని, "అద్భుతం!" అని బండెక్కి వెళ్ళిపోయారు. ఆ బండి మీదే వీధులన్నీ తిరిగి, నంబరు సరిగా లేని బళ్ళన్నీ పట్టుకున్నారు.

(నవ్వులు, చప్పట్లు)

ఆ తర్వాత ఒకరోజు ఆ బండిని రవాణా కార్యాలయంలో తనిఖీకి తీసుకెళ్ళారు. గుమాస్తా టార్చిలైటు పట్టుకుని ఇంజన్ పక్కన వంగినవాడు చాలాసేపు లేవలేదట. లేచి, "సార్, నంబరు కోసం చూస్తుంటే నేనే కనపడుతున్నాను" అన్నాడట. మర్నాడు సారు యూనిఫారంలో మా షాపు గుమ్మంలో నిలబడ్డారు.

"నా బండి నంబరు ఎవరు తీశారు?"

అన్నయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నన్ను చూపించాడు.

(నవ్వులు)

తప్పు పట్టకండి. ఆయన లెక్క ఆయనకుంది. నన్ను చూపిస్తే నేను కాదనను. నిజంగానే కాదనలేదు. పుస్తకం మూసి, జైలుకి వెళ్ళేటప్పుడు కళ్ళజోడు పెట్టె తీసుకెళ్ళనిస్తారో లేదో అని ఆలోచిస్తున్నాను. అప్పుడు వదిన చక్రం ఆపి, మోచేతుల దాకా నల్లటి చేతులతో బయటికి వచ్చింది.

"నేనే తీశానండీ. ఏం, సరిగా పోలేదా?"

"అమ్మా, అది ఇంజన్ నంబరు!"

"అంత ముఖ్యమైన నంబరైతే అంత అసహ్యంగా ఎవరండీ చెక్కింది?"

"అది కంపెనీవాళ్ళు కొట్టిన ముద్రమ్మా."

"అయితే వెళ్ళి వాళ్ళని అడగండి. నా మీద కేకలేస్తారేం?"

సారు టోపీ తీసి స్టూలు మీద పెట్టి, తనూ ఇంకో స్టూలు మీద కూర్చుని, నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు వినపడ్డాక అన్నయ్య టైర్ల గదిలోంచి బయటికి వచ్చాడు.

ఛాసిస్ మీది నంబరు అలాగే ఉంది, కాగితాలు సరిగానే ఉన్నాయి. అందుకని కార్యాలయంవాళ్ళు మళ్ళీ ముద్ర కొట్టడానికి ఒప్పుకున్నారు. ముద్రలూ సుత్తీ పట్టుకుని ఒకాయన షాపుకి వచ్చాడు. వదిన స్కేలు పట్టుకుని ఆయన నెత్తిన నిలబడింది. మొదటి అక్షరం పడగానే, "ఆగండాగండి, కిందికి దిగింది" అంది. "నంబరే కదమ్మా" అన్నాడాయన. "మీ దోవన మీరు కొట్టేసి పోతారు. బండి వచ్చినప్పుడల్లా దాని పక్కన మెరుగు పెట్టాల్సింది నేను" అంది. ఆ నంబరంత తిన్నగా ఉన్న నంబరు ఇంకే బండి మీదా నేను చూడలేదు. ఆ తర్వాత సారు ఎన్ని బళ్ళు మార్చినా మా దగ్గరికే తెచ్చారు. కాకపోతే ప్రతిసారీ నంబరు మీద తెల్లటి టేపు అంటించి, దాని మీద "ముట్టుకోవద్దు" అని రాసి, కింద సంతకం పెట్టి మరీ తెచ్చారు.

(నవ్వులు)

రెండో మంచిమాట పళ్ళ డాక్టరుగారిది. అదుగో, కిటికీ పక్కన కూర్చున్నారు, నేను ఇటు చూడగానే చెప్పొద్దని చెయ్యి ఊపుతున్నారు. చెబుతాను.

డాక్టరుగారు తన బండిలో కనపడే లోహమంతా అద్దంలా ఉండాలన్నారు. వదిన అన్నీ చేసింది, కాలి బ్రేకు పెడలు తప్ప. దాన్ని మాత్రం సన్నటి గీతలతో గరుగ్గానే వదిలేసింది. డాక్టరుగారు వచ్చి బండి చుట్టూ తిరిగి, సరిగ్గా అక్కడ ఆగారు.

"ఇదొక్కటీ మెరవలేదేం?"

"అది మెరవకూడదండీ. వానలో బూటు జారుతుంది."

"నా బండి, నా ఇష్టం."

"మీ కుర్చీలో కూర్చున్నవాళ్ళ పళ్ళు ఎవరి ఇష్టప్రకారం పీకుతారండీ?"

డాక్టరుగారు హెల్మెట్ పెట్టుకుని, వీడ్కోలు కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. వానలు తగ్గాక ఒకరోజు వచ్చి ఇంకో బండి దించారు. "పెడలు?" అని వదిన అడిగింది. "దాని జోలికి పోకండి" అన్నారు. మధ్యలో ఏం జరిగిందో మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు. డాక్టరుగారూ, ఇప్పుడైనా చెబుతారా? చెప్పరట.

(నవ్వులు)

పూత కంపెనీ యజమాని గారు కూడా వచ్చారు, సంతోషం. మీరు ఏమీ అనుకోకూడదు. మీ పని గొప్పది. మీ తొట్టిలో ముంచి తీస్తే అన్నీ ఒకేలా మెరుస్తాయి. పెడలు కూడా మెరుస్తుంది. తొట్టికి బూట్లుండవు కదా, దానికేం తెలుస్తుంది? అన్నట్టు, వదినకి మీరు బహూకరించిన జ్ఞాపిక చాలా బాగుంది. వదిన ఇందాకటి నుంచి దాన్ని వెలుతురు వైపు ఇటూ అటూ తిప్పుతోంది. మీరు అటు చూడకండి.

ఇంక నా సంగతి. ఇది రాసేటప్పుడు చాలాసార్లు కొట్టేశాను. అందుకని కాస్త తడబడితే మన్నించండి.

చదువు మధ్యలో వదిలేసి నేను అన్నయ్య ఇంటికి వచ్చిపడ్డాను. నలుగురు చుట్టూ చేరితే నాకు మాట పెగిలేది కాదు. కస్టమరు ఎదురుపడి "మా బండి ఎప్పుడిస్తారు?" అంటే చెమటలు పట్టి వెనక గదిలోకి పోయేవాణ్ణి. అన్నయ్యకి విసుగొచ్చేది. "వీడు గోడకి కొట్టిన మేకులా నిలబడతాడు, వీణ్ణేం చేసుకోను?" అనేవాడు. వదిన మాత్రం తన బల్లకి అవతలి గోడ పక్కన నాకో స్టూలు, చిన్న మేజా వేయించింది. "ఇక్కడ కూర్చో. బోల్టులు బిగించు, లెక్కలు రాయి. చక్రం తిరుగుతున్నంతసేపూ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. హాయిగా ఉంటుంది" అంది.

నిజంగానే హాయిగా ఉండేది. కస్టమరు నా వైపు రెండడుగులు వేసేసరికి చక్రం గిర్రుమనేది. ఆయన నోరు కదిలేది, నాకు వినపడేది కాదు, చేత్తో అన్నయ్యని చూపించేవాణ్ణి, ఆయన వెళ్ళిపోయేవాడు. అది నా అదృష్టమనుకున్నాను. చాలా ఏళ్ళకి ఒకరోజు తల ఎత్తి చూశాను. చక్రం తిరుగుతోంది, ఎదురుగా వదిన నిలబడి ఉంది, ఆవిడ చేతుల్లో ముక్క లేదు. ఏమీ లేదు. ఊరికే చక్రం వేసి నిలబడింది. కస్టమరు వెళ్ళిపోగానే ఆపేసింది.

కాస్త మంచినీళ్ళు ఇవ్వండి.

ఏ ముక్క చక్రం మీద ఉందో తల ఎత్తకుండా చప్పుడు బట్టి చెప్పగలను. గొట్టమైతే ఒకలా, మూతయితే ఒకలా, రిమ్మయితే ఇంకోలా ఉంటుంది. ఆ చక్రం ఆగిన దగ్గర నుంచి షాపులో అందరి మాటలూ నాకు వినపడుతున్నాయి. మనవాళ్ళు ఇంత మాట్లాడతారని నాకు తెలీదు. కూడికలు తప్పుతున్నాయి.

(నవ్వులు)

భుజం నొప్పి మొదలైనప్పుడు వదిన ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చునేవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది. ముక్క మారేటప్పుడల్లా ఎడం చేత్తో కుడి చేతిని ఎత్తి పెట్టుకునేది. అప్పుడే, అరిగిపోయిందని వదిన పారేసిన ఒక గుడ్డ చక్రాన్ని ఇంటికి పట్టుకెళ్ళాను. మా పెరట్లో నీళ్ళ పంపు మోటారు ఉంది. పంపు విప్పి పక్కన పెట్టి, దానికి చక్రం బిగించాను. అడగాలంటే వదినని అడగాలి. "నా చక్రం ముట్టుకుంటే వేళ్ళు మిగలవు" అని వదిన బల్ల మీద ఎర్ర రంగుతో రాసిపెట్టింది. పైగా, "నీ పని నేను చేస్తాను వదినా" అనడం అంటే "నువ్వింక చెయ్యలేవు" అనడమే. ఆ మాట ఏ నోటితో అంటాను?

అందుకని నాకు నేనే నేర్చుకున్నాను. మొదటిరోజు చక్రం ముక్కని చేతిలోంచి లాక్కుని విసిరేసింది. అది ప్రహరీ గోడ దాటి పక్కింటాయన పూలకుండీ పగలగొట్టింది. ఆయన దాన్ని పట్టుకుని వచ్చాడు.

"ఇది మీదేనా?"

"అవునండీ."

"చాలా నున్నగా ఉందే!"

నా పనికి వచ్చిన మొదటి మెప్పు అదే. కుండీ సంగతి ఆయనకి తర్వాత గుర్తొచ్చింది.

(నవ్వులు)

మా ఆవిడ పడ్డ బాధలు ఆవిడే చెప్పాలి. ఆరేసిన బట్టల మీద నల్లటి నూగు, నా చెవుల్లో నూగు, దిండు గలీబు మీద నా తల ఆకారంలో నూగు. "ఇంటికి నీళ్ళు లేవు, ఈయన చేతిలో బిళ్ళ మాత్రం తళతళలాడుతోంది" అని వాళ్ళక్కకి ఫోన్లో చెబుతుంటే విన్నాను. అయినా నేను ఏ ముక్క చూపించినా చేస్తున్న పని ఆపి చూసేది. "ఇందులో నా మొహం వెడల్పుగా ఉంది. ఇంకా తోమండి" అనేది. వెడల్పు తగ్గేదాకా తోమేవాణ్ణి.

ఇప్పుడు అసలు విషయం. షాపులో తయారవుతున్న బండికి ఒకే ఒక్క ముక్క మిగిలిపోయింది. ఇంజన్ పక్కన బిగించే గుండ్రటి మూత, అరచేతిలో పట్టేంత ఉంటుంది. వదిన చెయ్యి ఆగిపోయిన రోజున బల్ల మీద సగంలో ఉండిపోయింది. అన్నయ్య దాన్ని పూత కంపెనీకి పంపించమని నా చేతికిచ్చాడు. పంపలేదు. అన్నయ్యా, కోప్పడకు. ఇంటికి తీసుకెళ్ళి నేనే మెరుగు పెట్టాను. ఇప్పుడు నా జేబులో ఉంది. గుడ్డలో చుట్టి తెచ్చాను.

వదినా, ఇది చూడు. పనికొస్తుందంటే ఆ బల్లా చక్రమూ నాకివ్వు, కిటికీ కింద నేను కూర్చుంటాను. పనికిరాదంటే ఇంక ఒక్క మాట మాట్లాడను. సోఫా దింపేటప్పుడు నేనే ఒక పక్క పట్టుకుంటాను.

వెనకవాళ్ళకి కనపడదు కాబట్టి చెబుతున్నాను. వదిన లేచింది. జ్ఞాపిక అన్నయ్య ఒళ్ళో పెట్టింది. గుడ్డ విప్పి మూత తీసింది. కళ్ళజోడు మార్చుకుంటోంది. కిటికీ వైపు వెళ్ళడం లేదు. అటు తిరగను కూడా తిరగలేదు. మరలు దిగే రంధ్రాల దగ్గర గోటితో గీకుతోంది. ఒక రంధ్రం అయింది. రెండోది. అధ్యక్షుల వారు కూడా వంగి చూస్తున్నారు. సార్, కాస్త పక్కకి జరగండి, వెలుతురు ఆపుతున్నారు. నేను అనలేదండీ, వదిన అంటోంది.

(నవ్వులు)

ఏమిటి వదినా? వినపడలేదు.

"రంధ్రాలకి తోకలొచ్చాయి" అంటోంది. చక్రం ఒకే వైపు లాగడం వల్ల రంధ్రం గుండ్రంగా ఉండకుండా ఒక పక్కకి కారిపోయిందట. నాకు ఆ సంగతి తెలీదు. ఇన్నాళ్ళూ దాన్ని చూస్తూనే ఉన్నాను, కనపడలేదు. ఇప్పుడు కనపడుతోంది. అవును, తోకలే.

"నీకెవరు నేర్పారయ్యా?" అంటోంది. ఎవరూ నేర్పలేదు వదినా. ఎదురుగా కూర్చుని నిన్ను చూసి నేర్చుకున్నాను. "చూసి నేర్చుకుంటే తోకలే వస్తాయి. రంధ్రం దగ్గరకొచ్చేసరికి ముక్కని తిప్పుతూ పట్టుకోవాలి. నీ స్టూలు మీద నుంచి చూస్తే మధ్యలో చక్రం అడ్డం, ఆ తిప్పడం నీకెలా కనపడుతుంది?" అంటోంది.

(నవ్వులు)

అన్నయ్య అడుగుతున్నాడు, "అయితే కంపెనీకి పంపించెయ్యమంటావా?" అని.

"మీరు ఊరుకోండి" అంది వదిన. ఇది మీకందరికీ వినపడే ఉంటుంది, మైకు అక్కర్లేదు.

ఇంకా చెబుతోంది. ఉండండి, ఉన్నదున్నట్టు చెబుతాను. "కిటికీ కింద బల్ల ఎక్కడుందో అక్కడే ఉంటుంది. మీ తమ్ముడు కూర్చుంటాడు. మీరు సోఫా కూడా తెప్పించండి, వద్దనను. బల్ల పక్కనే వేయించండి, నా వీపుకి ఆనుకోవడానికి ఉంటుంది. చెయ్యి లేవకపోతేనేం, నాకు నోరు లేస్తుంది."

(నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

"మరి కస్టమర్లు ఎక్కడ కూర్చుంటారు?" అని అన్నయ్య. "నిలబడతారు" అని వదిన.

బయట వీడ్కోలు సభ అని పెద్ద అక్షరాలతో బ్యానరు కట్టించాడు అన్నయ్య. దాన్నేం చెయ్యాలో ఆయనే చూసుకుంటాడు. రాసుకొచ్చిన కాగితాల్లో వదినకి విశ్రాంతి జీవితం సుఖంగా గడవాలని ఒక పేరా ఉంది, అది చదవడం లేదు. చదివితే తంతుంది.

ఇంత ఓపికగా విన్న అధ్యక్షుల వారికి, తన కథ చెప్పనిచ్చినందుకు పళ్ళ డాక్టరుగారికి, చేతికొచ్చిన పని చెయ్యిజారుతున్నా చప్పట్లు కొట్టిన పూత కంపెనీ యజమాని గారికి, సోఫా మీద అంత ఆశ పెట్టుకున్న మా అన్నయ్యకి, పెరట్లో పంపు మళ్ళీ బిగిస్తానని ఇప్పుడు చెబుతుంటే కళ్ళు తుడుచుకుంటున్న మా ఆవిడకి, చల్లారిపోతున్న భోజనాల దగ్గర నిలబడి ఉన్నవాళ్ళకి, మీ అందరికీ నా కృతజ్ఞతలు. మీరు నెమ్మదిగా భోంచేసి వెళ్ళండి. మేమిద్దరం తర్వాత తింటాం. వదిన మూత పట్టుకుని అప్పుడే మెట్లు దిగేసింది, షాపు తాళాలు నా దగ్గరున్నాయి, ఎండ ఉండగానే తోకలు తియ్యడం చూపిస్తుందట. సెలవు.